చౌల్దారీ బాదం చెట్టు నీడ

దెయ్యాలూ భూతాలూ అన్న మాట మా ఇంట్లో నేను ఎత్తనివ్వను. పిల్లలు చిన్నప్పుడు చీకటికి భయపడి ఏడిస్తే, కళ్లు మూసుకుని పడుకోమనేదాన్ని. ఉత్త భయాలకి దీపం వెలిగించి కిరసనాయిలు తగలేసే అలవాటు మాకు లేదు.

నా బడి మూడో తరగతితో ఆగిపోయింది. రోజూ బైబిలు చదవడం వల్ల నాలుగు ముక్కలు రాయడం మిగిలింది. మనవరాలు గ్రేసు తెలుగు మాట్లాడుతుంది గాని రాయడం రాదు. అందుకని జరిగింది నేనే రాస్తున్నాను. కల్పించే ఓపిక నాకు లేదు.

మాది ఈ దీవుల్లో షాదీపూర్. మా అక్క సువార్తమ్మ, బావ పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది. కిందటేడు స్నానాల గదిలో జారిపడింది. ఆసుపత్రి నుంచి తెచ్చాక తిండి మానేసింది. గొంతు బాగానే ఉంది, మింగగలదు. తినదు, అంతే. గోడవైపు తిరిగి పడుకునేది. గంజి పోస్తే పెదవుల పక్క నుంచి కారిపోయేది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయాలి, ఈ వయసులో అది కూడా ఎంతవరకు నిలబెడుతుందో చెప్పలేనన్నాడు డాక్టరు. బతిమాలాను, కసిరాను, సంఘం చేత ప్రార్థన పెట్టించాను. నా తోడబుట్టినవాళ్లలో మిగిలింది తనొక్కతే.

గ్రేసు ఒక హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తుంది. అక్కడ దిగిన ఒక జపాన్ ఆవిడ దీనికో సంగతి చెప్పిందట. వాళ్ల దేశంలో చలి మొదలయ్యే ముందు కొండల మీద ఆకులన్నీ ఎర్రబడతాయి. అప్పుడు అన్నం డబ్బాల్లో సర్దుకుని, నడవలేని ముసలివాళ్లని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని, ఆ ఆకులు చూడటానికే వెళ్తారట. కొయ్యరు, ఏరరు. చూస్తారు, తింటారు, వస్తారు.

నేను జన్మంతా రాలిన ఆకులు ఊడ్చినదాన్ని. వాటిని చూడటానికి పనిగట్టుకుని వెళ్లే జనం ఉన్నారంటే నవ్వొచ్చింది. పనీపాటా లేనివాళ్లే తల్లీ అన్నాను.

అప్పుడు మంచం మీద నుంచి అక్క మాట్లాడింది. అప్పటికి తను నోరు విప్పి చాలా రోజులైంది. మొహం గోడవైపే ఉంది.

"చౌల్దారీలో మన బాదం చెట్టు ఎర్రబడుంటదే, మార్తా."

క్రిస్మస్ దాటిన రోజులవి. మా దీవుల్లో వానలు ఆగి ఎండలు మొదలయ్యేది అప్పుడే, బాదం ఆకు ఎర్రబడేదీ అప్పుడే. చౌల్దారీలో మేం పుట్టిపెరిగిన ఇల్లూ పొలమూ నాన్న ఉండగానే అమ్మేశాం. పొలం గట్టు మీద, దారి పక్కనే ఆ చెట్టు ఉండేది. చిన్నప్పుడు అక్క దాని ఎర్రాకులు ఏరి, కొబ్బరి ఈనెలతో విస్తళ్లు కుట్టేది. ఎర్రాకు తొందరగా చిరుగుతుంది, పచ్చాకుతో కుట్టమని అమ్మ అరిచేది. అక్క వినేది కాదు. అమ్మేశాక అటు వెళ్లాల్సిన పని మా ఇద్దరికీ పడలేదు.

నేను ఇంకేం ఆలోచించలేదు. మా సంఘంలోని ప్రకాశానికి ఆటో ఉంది. అతన్ని పిలిచాం. పులిహోర, చేపల వేపుడు స్టీలు డబ్బాల్లో సర్దాను. కాగితం ప్లేట్లు కొంటానంటే గ్రేసుని వద్దన్నాను.

మేం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. చెట్టు అక్కడే ఉంది. దూరం నుంచే కనిపించింది. పైనుంచి కింద దాకా ఎరుపు, అక్కడక్కడా పసుపు. ప్రకాశం ఆటో దారి మీద ఆపి, అందులోనే కూర్చున్నాడు. నేనూ గ్రేసూ అక్కని ఇంటి నుంచి తెచ్చిన కుర్చీలో కూర్చోబెట్టి, మోసుకెళ్లి చెట్టు కింద పెట్టాం.

నాకు బాగా గుర్తున్నది చల్లదనం. నీడ ఎంత దట్టంగా ఉందంటే, అక్క చలేస్తోందంది. గ్రేసు తన చున్నీ కప్పింది. ఆకులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. అక్క తలెత్తి చూస్తూనే ఉంది. తర్వాత వంగి, ఒళ్లో పడిన ఆకులు పోగుచేసి నా చేతికిచ్చింది. పక్కనే రాలిన కొబ్బరి మట్ట ఉంటే ఈనెలు చీల్చి, నేను విస్తరి కుట్టాను. సీసాలో నీళ్లతో కడిగి పులిహోర పెట్టాను.

తినింది. నేను విస్తరి అంచు పట్టుకుని కూర్చున్నాను. ఎర్రాకు చిరుగుతుందేమోనని.

"ఇంకొంచెం పెట్టవే. పిసినారిదానా" అంది.

గ్రేసు ఫోన్లో ఫొటోలు తీస్తూనే ఏడ్చింది.

వచ్చేముందు నేను సంచీ నిండా ఎర్రాకులు ఏరుకున్నాను. "అలా తీసుకోకూడదు అమ్మమ్మా, చూడ్డమే" అంది గ్రేసు. అంతదూరం వచ్చి ఉత్తచేతులతో పోవడం నాకు చేతకాదన్నాను.

ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతుంటే ఒక స్టీలు డబ్బా మూత లేదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, చౌల్దారీ బస్సెక్కి మూత కోసం నేనొక్కదాన్నే వెళ్లాను.

గట్టు అదే. చీల్చిన కొబ్బరి మట్ట నేను పడేసినచోటే ఉంది. మూత కూడా ఉంది. అది ఒక మోడు మీద ఉంది.

పాత మోడు. చెదలు తినేసింది, పైన నాచు, పగుళ్లలో చిన్న చిన్న మొక్కలు. చుట్టూ నేల మీద ఒక్క ఎర్రాకు లేదు. నెత్తిన ఎండ మాడ్చేస్తోంది.

పొలంలో కూరగాయలకి నీళ్లు పెడుతున్న, మా పొలం కొన్నవాళ్ల కోడలిని అడిగాను. ఆమె హిందీలో చెప్పింది. తను కాపురానికి వచ్చేటప్పటికే ఆ చెట్టు కొట్టేసి ఉందట. ఆమె కొడుకు ఇప్పుడు పెద్ద బడికి వెళ్తున్నాడు. ఈ గట్టు మీద ఇంకో బాదం చెట్టు ఉందా అని అడిగాను. చూసుకోండి నానీ అంది, అమ్మమ్మని పిలిచినట్టు. చూశాను. లేదు.

తిరిగొచ్చి ప్రకాశాన్ని అడిగాను, ఆ రోజు నువ్వేం చూశావని.

"ఏం చూడాలి పిన్నీ? అంత మండే ధూప్‌లో కూచున్నారేంటా అనుకున్నా. పెద్దమ్మకి నెత్తి మీద ఛాతా అయినా పట్టలేదు మీరు. అడిగితే తిడతారని ఊరుకున్నా."

గ్రేసు ఫోన్లో ఆ రోజు ఫొటోలు తెరిచి చూశాం. అన్నీ అక్క మొహం దగ్గరగా తీసినవే, తింటున్నవి. ఒక్కదాంట్లోనూ చెట్టు పడలేదు. కానీ అక్క కట్టుకున్నది తెల్లచీర. ఫొటోల్లో ఆ తెలుపంతా లేత ఎరుపుగా ఉంది, ఎర్రగుడ్డ కింద కూర్చున్నట్టు.

పొరపాటు పడ్డామేమో అని నేనూ అనుకున్నాను. నా వయసు, ఎండ, అక్క మీద బెంగ. మరి గ్రేసు చిన్నది, కళ్లు బాగా కనిపిస్తాయి. పైగా సంచీలో ఆకులున్నాయి. వాటితో విస్తళ్లు కుట్టి ట్రంకు పెట్టె కింద అణగబెట్టాను. ఇప్పటికీ ఉన్నాయి. ముట్టుకుంటే ఆకే. పాస్టరుగారికి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, మీ అక్కగారు తింటున్నారు కదా అన్నారు.

తింటోంది. ఆ రోజు నుంచి మానలేదు. గొట్టం మాట డాక్టరు మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు వసారాలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది, కూరలో ఉప్పు తక్కువైందని నన్ను దెప్పుతోంది. మోడు సంగతి తనకి చెప్పలేదు. చెప్పొద్దని గ్రేసు నా దగ్గర మాట తీసుకుంది.

మళ్లీ క్రిస్మస్ దాటింది. మొన్న అక్క అడిగింది.

"చెట్టు ఎర్రబడుంటది. ఎప్పుడు తీసుకెళ్తావే?"

ఆ రోజు మేం ఎవరి నీడలో కూర్చున్నామో నాకు తెలియదు. దాన్ని దెయ్యం అనను. ఏమనాలో కూడా తెలియదు. అక్కకి మాత్రం నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు, చెట్టు లేదని చెప్పడానికీ నోరు రాలేదు.

ప్రకాశానికి ఆటో చెప్పాను. శనివారం వెళ్తున్నాం. ఈసారి గొడుగు పెట్టుకున్నాను. ఆకులకి సంచీ కూడా పెట్టుకున్నాను.