పెద్దమ్మ బొటనవేలు

యర్రగొండపాలెం అడవిలో కరక్కాయలు ఏరే మా పెద్దమ్మకు చూపు పోయింది. "ఇంక ఇంట్లో కూర్చో" అన్నాను.

"ఆకులియ్యి. ఒక్కటి తప్పు చెప్పినా అడివికి రాను" అంది.

కరక్కాయ, తాని, మద్ది ఆకులిచ్చాను. కాడ దగ్గర బొటనవేలితో తడిమి మూడూ చెప్పేసింది. "రెండేసి పులిపిర్లుండాయి సూడు. ముగ్గురూ ఒక్క తల్లి బిడ్డలు."

దొంగతనంగా తునికాకు పెట్టాను.

"ఇది వీళ్ళింటిది కాదురా. నీ మాదిరి పిలవకుండానే పెళ్ళికొచ్చినాది!"

ఆ మూడు చెట్లదీ ఒకే ప్రజాతి అని మొన్న నేను నడిపే జీపెక్కిన కాలేజీ మేడం పుస్తకంలో చూపించింది. పులిపిర్ల గుర్తు కూడా అందులో ఉంది. పెద్దమ్మ బడి గడప తొక్కలేదు.

ఆకులు చెప్పిన మర్నాడే కర్ర పట్టుకుని ఆమె ముందు నడిచింది. సద్దిమూట మోస్తూ నేను వెనకాల నడిచాను.