ఏసురత్నం గారి కొత్త రిసీవర్

2023 ఎండాకాలం. ప్రొద్దుటూరులో నాకు హోమ్ థియేటర్ అంగడి ఉంది. స్పీకర్లు అమ్మడం, ఇళ్లకు వెళ్లి బిగించడం నా పని. ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్నాను కాబట్టి, గదిలోకి వెళ్లి ఒకసారి చప్పట్లు కొడితే చాలు, అక్కడ సౌండు ఎలా ఉంటుందో చెప్పేస్తాను. ఇది గొప్పలు పోవడం కాదు, నిజం.

ఒకరోజు ఎర్రగుంట్ల నుంచి కరుణ అనే టీచరమ్మ ఫోన్ చేసింది. ఉద్యోగం కడపలో, సెలవులకు ఇంటికి వచ్చింది. వారం కిందటే వాళ్ల నాన్న ఏసురత్నం గారి కోసం నా దగ్గర కొత్త రిసీవర్ కొంది. రిసీవర్ అంటే టీవీ సౌండును విడదీసి, బలమిచ్చి, ఒక్కో స్పీకరుకు పంపే పెట్టె. పాత స్పీకర్లకే దాన్ని నేను బిగించి వచ్చాను.

"దాన్ని వెనక్కి తీసుకోన్నా. మా నాయనకు నచ్చలేదంట. నేనేం తెచ్చినా ఆయనకు నచ్చదులే."

ఆ గొంతులో కోపం కన్నా ఏడుపే ఎక్కువ ఉంది. పెట్టె వెనక్కి తీసుకోవడం నాకు పెద్ద పనేం కాదు. నేను బిగించింది బాగాలేదంటే మాత్రం ఊరుకోను. వెంటనే బండి తీశాను.

ఏసురత్నం గారు సిమెంటు ఫ్యాక్టరీలో, మిల్లు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. "మాటలు ముద్దముద్దగా వస్తాండాయప్పా. పాతదాంట్లో శానా బాగుండె," అన్నాడు.

నాకు చిర్రెత్తింది. రిసీవర్ మారిస్తే పాత స్పీకర్లు కొత్తవైపోతాయని కొందరు ఆశపడతారు. అంత సీన్ లేదు, స్పీకరు గొంతు స్పీకరుదే. కొత్త రిసీవర్ ఇచ్చేది కాస్త బలం, ఆపైన రూమ్ కరెక్షన్. అంటే చిన్న మైకుతో గదిని కొలిచి, ఎక్కువైన శబ్దాలను తగ్గించి, తక్కువైనవాటిని పెంచడం. వాళ్ల హాలు నేలంతా కడప బండలు, గోడలు బోడివి. సన్నటి శబ్దాలు వాటికి తగిలి తిరిగొచ్చి చెవిని గీరుతాయి. కొత్త రిసీవర్ వాటినే తగ్గించింది. నా చెవికి ఆ సౌండు అద్భుతం.

ట్వీటర్ పోయిందేమో చూద్దామనుకున్నాను. సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకరు అది. ఫోన్ నుంచి టెస్ట్ టోన్ పెట్టాను. కీమని మోగింది. కరుణ రెండు చెవులూ మూసుకుంది. కిటికీలో పడుకున్న పిల్లి లేచి బయటికి దూకింది. ఏసురత్నం గారు సోఫాలో నిమ్మళంగా కూర్చుని నావైపే చూస్తున్నాడు.

"ఇంకా పెట్టలేదాప్పా?" అన్నాడు.

టోన్ ఆపేశాను. నా తెలివి మీద నాకే సిగ్గేసింది. మూలన పెట్టిన పాత రిసీవర్ తీసి చూస్తే, సన్నటి శబ్దాలను పెంచే ట్రెబుల్ నాబ్ చివరిదాకా తిప్పి ఉంది. మాటల్లో స, ష, త, చ లాంటివి విడివిడిగా తెలిసేది ఆ సన్నటి శబ్దాల వల్లే. మిల్లు రొదకు ఆయన చెవి వాటిని కొద్దికొద్దిగా పోగొట్టుకుంది. ఆయన ఎవరికీ చెప్పకుండా నాబ్ తిప్పుకుంటూ వచ్చాడు. నేను కొలిచి పెట్టిన పద్ధతైన సౌండు ఆయనకు ఆ ఆసరా కూడా లేకుండా చేసింది. ఇదంతా వాళ్లిద్దరికీ చెప్పాను.

"మిల్లు కాడ పనిచేసినోళ్లందరికీ ఇంతేలేప్పా," అన్నాడాయన, బండల వైపు చూస్తూ.

కరుణ వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. "మరి నేను మాట్లాడేది తెలుస్తాండాదా?"

"నీది బడిలో అరిచిన గొంతు. ఎదురుగా ఉంటే బాగా తెలుస్తాది."

"ఫోన్‌లోనో?"

ఆయన టీవీ రిమోట్ తీసి చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"ఏం చెప్పినా సరే సరే అని పెట్టేస్తాండావు. నాతో మాట్లాడేకి ఇష్టం లేదనుకుంటి నాయనా."

"నువ్వేం అడుగుతాండావో తెలీదమ్మా. సరే అంటే సంతోషపడతావు గదా అని."

వైర్లు చూస్తున్నట్టు నేను టీవీ వెనక్కి పోయాను. ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. తర్వాత కరెక్షన్ తీసేసి, ట్రెబుల్ బాగా పెంచి, వార్తలు పెట్టాను. ఏసురత్నం గారు ముందుకు జరిగి కూర్చున్నాడు. కరుణ మొహం చిట్లించుకుంటూనే ఆ వార్తలు అయిపోయేదాకా విన్నది. రిసీవర్ ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

నా చెవి మీద నాకు ఇప్పటికీ నమ్మకమే. అయితే ఆ ఇంట్లో రోజూ వినేదెవరో, వాళ్లు బతుకంతా ఏం పని చేశారో అడగకుండా మైకు బయటికి తీయను. పాత రిసీవర్ విప్పేముందు దాని నాబ్‌లు ఎక్కడున్నాయో ఫోటో తీసుకుంటాను. పాతదే బాగుందని ఎవరైనా అంటే మొండితనం అనుకోను.

నెల తిరిగేలోపు కడపలో డాక్టరుకు చూపించి ఆయనకు చెవి మిషన్ పెట్టించారు. ఆ వారంలోనే ఏసురత్నం గారి ఫోన్. "సౌండు చెవుల్లో గుచ్చుతాండాదప్పా, వచ్చి తగ్గించిపో." వెళ్లాను. బడి తెరవడంతో కడపకు వెళ్లి, ఆదివారమని ఇంటికొచ్చిన కరుణ గడపలోనే ఆపి ఫిర్యాదు చేసింది.

"ముందు ఏం చెప్పినా సరే అనేటోడన్నా. ఇప్పుడు ఫోన్‌లో ప్రతిదానికీ నాతో వాదన పెట్టుకుంటాండాడు."