గేమ్ డబ్బాలో తపసుమాను

పోయిన నెల కుప్పంలో మా అక్క ఇంటికి పోతే, ఆమె మనవడికి కొన్న, టీవీకి తగిలించి ఆడే కొత్త గేమ్ డబ్బాను చూపించారు. ఎటు తిప్పి చూసినా డిస్కు పెట్టే చోటు కనిపించలేదు. అన్నీ గాలిలోనే వస్తాయట. మీదీ నా వయసే అయితే, డిస్కు లోపలికి పోయి గిర్రున తిరిగే చప్పుడు వింటూ టీవీ ముందు ఊపిరి బిగబట్టుకున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. నాకైతే ఆ చప్పుడుతో పాటు మా బావ అన్న మాట కూడా గుర్తుంది. దాన్ని మరవలేదు, మరిచే ఉద్దేశమూ లేదు.

పుంగనూరు పక్కన మా పల్లెలో భారతం ఆడినప్పుడల్లా అర్జునుడి వేషం కట్టి, శివుడి కోసం తపస్సు చేసే ఘట్టంలో తపసుమాను ఎక్కేది మా నాయనే. తాటిచెట్టంత మాను మీదికి పద్యాలు పాడుకుంటూ పోయి, కొసన కూర్చుని, కిందున్న జనం మీదికి నిమ్మకాయలూ విభూతీ ప్రసాదంగా విసిరేవాడు. మోకాళ్లు సహకరించక ఇదే కడసారి అనుకున్న ఏడాది, పుంగనూరు స్టూడియో అతనితో వీడియో తీయించి వీసీడీ చేయించాను. నాయనకు ఒకటే కోరిక. ఎన్నేళ్లు ఎక్కినా పైనుంచి జనం తలకాయలే చూశాడు గానీ, కింద నిలబడినవాళ్లకు ఆ మాను ఎట్లా కనిపిస్తుందో ఎరగడు.

కుప్పంలో రాళ్ల వ్యాపారం చేసే బావ బెంగళూరు నుంచి గేమ్ డబ్బా తెచ్చాడని, అందులో సినిమాలూ ఆడతాయని అక్క కబురు చేస్తే, నాయనకు ఉతికిన పంచె కట్టించి తీసుకుపోయాను. వీధి జనమంతా వచ్చి కూర్చున్నారు. డబ్బా నా డిస్కును మింగింది, కాసేపు తిప్పింది, చదవలేనని టీవీ మీద రాసి చూపింది. బావ పాటల సీడీ పెడితే కమ్మగా పాడింది. సినిమా డీవీడీ పెడితే అద్దంలా ఆడింది.

"డబ్బా బాగానే ఉండాది బామ్మర్దీ, మీ పుంగనూరు సరుకే దానికి అరగలే," అన్నాడు బావ. అందరూ నవ్వారు. నాయనా నవ్వినట్టే చేసి, "పోనీలే అల్లుడా, నేను ఎక్కిందే గదా, సూసేదేముండాది," అని కండువా దులుపుకున్నాడు.

ఆ దులుపుకోవడం నాకు గుచ్చుకుంది. మరునాడే స్టూడియోకు పోయి తగువు పెట్టుకుంటే, అతను డిస్కును తన ప్లేయరులో వేసి చక్కగా ఆడించి చూపాడు. నాయనను అక్కడికే పిలుచుకుపోయి ఉండొచ్చు గదా అంటారేమో. నవ్విన ఇంట్లోనే చూపించాలని నా పట్టు. మదనపల్లె బస్సెక్కాను. అక్కడ కంప్యూటరు అంగడి భాయ్ డిస్కు చూసి, "ఇది వీసీడీ అన్నా, ఫార్మాటు వేరే. ఆ డబ్బాకు డీవీడీ అయితేనే అర్థమయ్యేది. మార్చిస్తా కూసో," అన్నాడు. ఒకే తీరుగా మెరిసే రెండు బిళ్లల్లో రాత వేరని, ఒక రాతను ఇంకో రాతగా మార్చవచ్చని ఆ రోజే తెలిసి, మంత్రం చూస్తున్నట్టు నోరు తెరుచుకుని కూర్చున్నాను.

మళ్లీ అదే గది, అదే జనం. డబ్బా తిప్పింది, ఒక్క క్షణం ఆగింది, తర్వాత నాయన గొంతు గదినంతా నింపేసింది. తెర నిండా మాను. దాన్ని పట్టుకుని పాకుతున్న సన్నటి మనిషి. బారెడు కూడా లేని ఆ టీవీ ముందు నిలబడి నాయన ఆకాశాన్ని చూసినట్టు తల పైకెత్తాడు. నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇంత ఎత్తా అప్పా అది? పడతాడేమో ఆ మనిసి," అన్నాడు మెల్లగా.

తెర మీద నిమ్మకాయలు రాలుతుంటే బావ వాళ్లమ్మ టీవీ ముందు కొంగు పట్టింది. బావ లేచి నిలబడ్డాడు గానీ అన్న మాటను మాత్రం ఈనాటికీ వెనక్కి తీసుకోలేదు.

నాయన పోయి చాలా ఏళ్లయింది. ఆ డిస్కును మొన్న అక్క మనవడు ఎక్కడో మార్పించి నా ఫోనులో వేసిచ్చాడు. ఏ పేచీ లేకుండా ఆడుతుంది. అరచేతిలో అగ్గిపుల్లంత మాను, దాని కొసన నాయన. ఆయన తల ఎత్తి చూసిన దాన్ని నేనిప్పుడు తల వంచి చూస్తున్నాను.