మా అత్త రోలూ, మా ఆయన కారూ

పెళ్లయిన కొత్తలో నేను పావగడలోని పుట్టింటికి బస్సులో పోయేదాన్ని. మా ఆయన ఆ బస్సు వెనకాలే ఖాళీ కారులో వచ్చేవాడు. చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. వై.ఎన్.హొసకోటలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, వెనక దుమ్ములో ఆ ఎర్ర కారు కనిపిస్తూనే ఉండేది. కండక్టరుకు అదొక వేడుక. "మీ ఆయప్పకు కూడా టికెట్ కొట్టల్నామ్మా?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

తప్పు నాది కాదు, కారుది. రెండే సీట్ల స్పోర్ట్స్ కారు. బెంగళూరు గుజిరీ అంగట్లో తుక్కుగా పడి ఉంటే కొని, ఊడదీసి, సెనక్కాయల లారీలో ఖాళీ గోతాల కింద వేసుకొచ్చాడు. నాగళ్లు చేసి, కాయలు ఒలిచే మిషన్లు రిపేరు చేసే లేత్ షాపు మాది. ఆ ఏళ్లలో వాన లేదు, వాన లేక కాయ లేదు, కాయ లేక మిషన్లకు పని లేదు. ఆ తీరికంతా కారుకు పోశాడు. అది బాగానే పరుగెత్తేది గానీ, మలుపు వస్తే చాలు ఒక పక్కకు ఒరిగిపోయేది. పావగడ దారిలో గుట్ట కింది మలుపుల్లో నేను తల బయటపెట్టి కక్కుకునేదాన్ని.

చివరికి చెప్పేశాను. "ఇంగొక్కసారి ఎక్కుతా. ఈసారి గానీ కక్కినానంటే ఈ కారు మళ్లా గుజిరీకే పోవల్ల."

సరేనన్నాడు. అన్నాడే గానీ ఆ ముఖం చూడలేకపోయాను.

మర్నాడు అన్నం తింటూ వాళ్లమ్మతో, "యాంటీ రోల్ బార్ చేస్తా ఉండానమ్మా. అది పెడితే కారు ఒరగదు" అన్నాడు. మా అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమెకు వినబడింది రోలు. నాకూ అదే. ఒక పక్కకు ఒరుగుతోంది కదా, రెండో పక్క బరువుకు మా రోలు పెడతాడు కాబోలు అనుకున్నాం. అందులో వింతేముంది, బండి ఒరిగితే రాయి పెట్టడం ఎరుగని వాళ్లమా? ఆయన అటు పోగానే ఇద్దరం రోలును దొర్లించుకుపోయి కొట్టంలో సొప్ప కింద దాచేశాం. అత్తాకోడళ్లం ఒక్కమాట మీద చేసిన మొదటి పని అదే.

రాత్రి సంగటిలోకి రోట్లో నూరే పచ్చడి, ఊరిబిండి లేదు. "ఊరిబిండి యాడమ్మా?" అని అడిగితే గుట్టు బయటపడింది. కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత సుద్దముక్కతో బండల మీద గీసి చూపించాడు. "రోల్ అంటే ఇంగ్లీషులో ఒరిగేది. ఒక పక్క చక్రం పైకి లేస్తే ఈ కడ్డీ మెలి తిరుగుతాది. మెలి పడేది దానికి ఇష్టం ఉండదు. రెండో పక్కను గూడా లాగి కారును సమంగా నిలబెడతాది."

కారు కింద ఖాళీ ఎక్కడుందో కట్టుకంబి వంచి చూసి, ఆ కంబి అచ్చునే పాత టాక్సీ స్ప్రింగు కడ్డీని కొలిమిలో కాల్చి వంచాడు. నాగళ్లు చేసిన చెయ్యి, ఏది చేసినా లావే. ఆయన ఒక్కడే నడిపి చూస్తే, ఆ కడ్డీతో కారు ఒరగలేదు, తిరగనూ లేదు. మలుపు వదిలి నేరుగా సెనక్కాయ చేనులోకి పోయింది. ఎండిన చేను కాబట్టి ఎవరూ అడగలేదు.

రెండోదాన్ని ముందే లేత్ మీద సన్నం చేసి వంచాడు. గట్టిపడాలని మా అత్త సెనగనూనె డబ్బా తొట్టిలో కుమ్మరించి, ఎర్రగా కాలిన కడ్డీని అందులో ముంచాడు. వీధంతా అరిసెలు కాల్చినట్టు కమ్మటి వాసన. "ఏం కాలుస్తా ఉండారు, అత్తిరసాలా?" అంది పక్కింటామె. "కారుకు ఒడ్డాణం" అంది మా అత్త, నూనె పోయిన కోపంతో. లారీ టైరు కోసి రబ్బరు మెత్తలు చేసి, వాటి మధ్య కడ్డీని పట్టించి, రెండు కొసలూ రెండు చక్రాల పక్క బిగించాడు.

ఒళ్లో తువ్వాలు పెట్టుకుని కారులో కూర్చున్నాను. ఆయన నా ముఖం వైపు చూస్తాడు, నేను దారి వైపు చూస్తాను. గుట్ట కింది మలుపులు ఒక్కొక్కటే వెనకబడ్డాయి. కారు పీట వేసినట్టు నిలబడింది. కడుపు కదల్లేదు. తువ్వాలు మడిచి పక్కన పెట్టాను. దేవుడా, ఎంత సంతోషమేసిందో.

చివరిది ఎడమకు తిరిగే మలుపు. దాంట్లో ఎప్పుడూ నేను ఆయన మీదికి ఒరిగేదాన్ని. ఈసారి ఉన్నచోటే ఉన్నాను. ఆయన కాస్త దిగులుగా, "ఈడ నువ్వు నా మింద పడేదానివి. ఇప్పుడు అదీ పాయె" అన్నాడు.

నేను జరిగి భుజానికి ఆనుకున్నాను. "కారు ఒరగకుంటే ఏమప్పా, నాకు ఒరిగేది రాదా?"