గుండు కడిగిన పిల్ల

కొండలెక్కడం నేర్పిస్తానంటే మదనపల్లెలో మా వీధిలో నగినోళ్లే ఎక్కువ. "కట్టెలకు పోయే ఆడోళ్లు దినామూ ఎక్కుతాండారు గదమ్మా, దానికి నువ్వు యాల?" అనింది పక్కింటామె. తొంభైల చివర్లో మా పక్క ఆ పని చేసే ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఉత్తరాదికి పోయి ట్రైనింగ్ చేసొచ్చి, తాళ్లు కొనుక్కోని, ఆదివారాలు ఆడపిల్లోళ్లను బండలకు తీసకపోతా ఉంటి.

పుంగనూరు పక్కన ఒక పల్లెలో దొరికింది ఆ పిల్ల. ఇంటర్ చదువుతా ఉండె. చెప్పులిడిసి బండ మీద కాలు పెడితే బల్లే. దసరా అయినాక దాన్ని గూడా ట్రైనింగుకు పంపిస్తే, తిరిగొచ్చి నాతో పాటు నేర్పిస్తాది. నాకు తోడొకరు కావల్ల, లేకుంటే ఈ పని నాతోనే ఆగిపోతాది. వాళ్ల నాయన సరే అన్న్యాడు.

ఆ ఊరికి ఎగువన పెద్ద గుండుండాది, ఇంటికంటే ఎత్తు బండరాయి. వానల్లేనప్పుడు ఊరోళ్లు దాన్నే దేవరని మొక్కి, కింద పొంగళ్లు పెడతారు. పైకి ఎక్కగూడదని ఎవరూ చెప్పిండ్లేదు, ఎక్కగలిగినోళ్లే అంతవరకు ల్యాకుండిరి. మొదట పైన నిలబడింది ఆ పిల్లే.

ఆ ఏడు వానలు పడలేదు. చెనిక్కాయ చేన్లోనే ఎండిపాయ. దేవర నెత్తిన ఆడపిల్ల కాలు పడిందన్నారు. నేను పోయి నెత్తీనోరూ కొట్టుకున్నా. "వాన కలకడలో పడలేదు, పెద్దమండ్యంలో పడలేదు, ఆడ ఎవరెక్కినారప్పా?" అంటి.

"వాళ్ల సంగతి వాళ్లది. మన సంగతి మనం సూడల్ల గదమ్మా" అన్న్యాడు ఊరి పెద్దాయన, నిదానంగా.

కొట్టలేదు, తిట్టలేదు. ఎక్కిన పిల్లే పైకి పోయి గుండును పసుపునీళ్లతో కడగల్ల, అంతే. నా తాడే నడుముకు కట్టుకోని ఎక్కింది. కింద నేను బిందెలు కట్టి పంపిస్తాంటే పైకి లాక్కోని కడిగింది. నేను నేర్పిన ముడి ఒక్కటీ తప్పలేదు. ఊరంతా చేతులు జోడించి సూస్తా ఉండె.

నాలుగు దినాలకు వాన పడింది. కాకి వాలింది, తాటిపండు రాలింది. ఎవరికని చెప్పేది? పిల్ల గుండెక్కితే వాన ఆగింది, కడిగితే పడిందనే మాట కుప్పం దాకా పాయ. క్యాంపు పెట్టమని పిలిచిన ఆడి బడోళ్లు, ఇప్పుడొద్దులేమ్మా అని కబురంపిరి. ఏడుపొచ్చింది గానీ, పోనీ, పిల్ల ఉండాది గదా అనుకుంటి.

దసరా అయినాక పిల్చకపోదామని పోతే, వాళ్ల నాయన ఉలవలు చల్లను పోయిండాడు. పిల్ల వాకిట్లో కూసోనుండాది. సంచి సర్దుకోలేదు.

"మీ నాయన వద్దన్న్యాడా?"

"లేదక్కా. పొమ్మనే అన్న్యాడు."

"మరి యాల?"

"నేను కడిగినాకే గదక్కా పడింది. అన్ని దినాలూ నా వల్లే ఆగిండాది. ఇంక ఆ ఉత్తరాది కొండల కాడికొచ్చి, ఆడుండే జనాల వాన గూడా ఆపమంటావా?" అనింది.