ఒమేగా తీసేస్తే

ఎమ్మెస్సీలో సెమినార్ టాపిక్‌లు పంచిన రోజు పెద్దవన్నీ ముందు బెంచీల వాళ్ళు తీసేసుకున్నారు. నాకు ఒమేగా మిగిలింది. కణంలో డీఎన్ఏను చదివి ఆర్ఎన్ఏ రాసే యంత్రం ఆర్ఎన్ఏ పాలిమరేజ్. బాక్టీరియాలో కొన్ని ప్రొటీన్ ముక్కలు కలిసి ఆ యంత్రం అవుతుంది. వాటిలో అన్నిటికంటే చిన్నది ఒమేగా. మొదట్లో అది శుద్ధి చేసేటప్పుడు అంటుకొచ్చిన మలినం అనుకున్నారట. తర్వాత చూస్తే దాన్ని పోలినది మన కణాల్లోనూ ఉంది. వందల కోట్ల ఏళ్ళుగా ఏ జీవీ పారేయని ముక్క.

సెమినార్ రోజు నా గొంతు రెండో బెంచీ దాటలేదు.

"ఓసే, అది తీసీసినా సెల్ బతికేత్తాదంట. మరి దానికి సెమినారేటే!" అని వెనక నుంచి ఒకమ్మాయి అంది. అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

"తీసేస్తే ఏమవుతుంది? చెప్పు," అన్నారు.

ఒమేగా ఒక పెద్ద ముక్క కొసను పట్టుకుని అది సరిగ్గా మడత పడేలా చూస్తుందని చెప్పాను. ఒమేగా లేని కణంలో ఇంకో సహాయ ప్రొటీన్ వచ్చి ఆ యంత్రాన్ని అంటిపెట్టుకుని కనిపించిందనీ చెప్పాను. నేల వైపు చూస్తూనే. క్లాసయ్యాక మేడమ్ ఒక ఫారం ఇచ్చారు. హైదరాబాద్ ల్యాబ్‌లో రెండు నెలల ప్రాజెక్ట్. ఇంట్లో వాళ్ళ సంతకంతో శనివారానికి ఇచ్చేయాలి.

ఇంట్లో మామ్మ ఉంది. పక్షవాతం వచ్చి మాట ముద్దయిపోయింది. ఆ మాట నాకొక్కదానికే తెలుస్తుంది. బయట నోరు విప్పని నేను మామ్మ తరఫున మాత్రం గలగలా మాట్లాడతాను. మొదట్లో అమ్మా నాన్నా అర్థం చేసుకోవాలని చూశారు. వాళ్ళు తడుముకునే లోపే నేను చెప్పేసేదాన్ని. రెండేళ్ళలో వాళ్ళు వినడమే మానేశారు. ఇప్పుడు మామ్మ నోరు తెరిస్తే అందరూ నా మొహం చూస్తారు. చీడికాడలో పిన్ని గృహప్రవేశానికి కూడా అందరూ వెళ్ళొచ్చారు, మామ్మ దగ్గరుండాల్సిన నేను తప్ప.

కాలేజీ నుంచి బెల్లం మార్కెట్ మీదుగా నడిచొస్తూ అమ్మను ఎలా అడగాలో రోజూ అనుకునేదాన్ని. గుమ్మం దాటేసరికి నోరు పడిపోయేది. డైరీలో రాశాను. తర్వాత మామ్మకు అన్నం తినిపిస్తూ చెప్పాను. మామ్మ ఇంకెవరికీ చెప్పే వీల్లేదు కదా అనే ధైర్యంతో. మామ్మ ఆ ముద్దను చాలాసేపు నమిలింది.

శుక్రవారం సాయంత్రం అమ్మ దుప్పటి మారుస్తుంటే మామ్మ ఏదో అంది. అమ్మ నా వైపు చూసింది. నేను డైరీలోంచి తలెత్తలేదు. నేను ఊరుకుంటే ఆ పనికి ఇంకెవరైనా వస్తారేమో చూద్దామనుకున్నాను.

"ఏటి కావాలత్తా? నీల్లా?"

మామ్మ తల అడ్డంగా ఊపింది.

"ఫేనెయ్యనా? బాత్రూమ్‌కా?"

మామ్మ మళ్ళీ అదే మాట అంది, ఇంకా గట్టిగా. బాగున్న చేత్తో పరుపు మీద కొట్టింది.

"ఏటంతందే? నోట్లో బెల్లం ముక్కెట్టుకున్నట్టు కూకున్నావేటి, సెప్పు!"

మామ్మ నన్నే చూస్తోంది. దిండు సర్దమంటోందని చెప్పొచ్చు. అమ్మ సర్దేస్తుంది, అంతటితో అయిపోతుంది. కానీ మామ్మ మాటను నేను ఏనాడూ మార్చి చెప్పలేదు.

"దీన్ని పంపొద్దంతంది, నన్ను," అన్నాను.

అమ్మ దుప్పటి పట్టుకుని అలాగే నిలబడింది.

"ఎక్కడికే?" అంది.