మా యాడి బోసి చేతులు

ఇక్కడ గల్ఫ్‌లో, బనియాస్‌లో నేను పనిచేసే ఫ్రేముల దుకాణంలో రంగుల వాసన ఎప్పుడూ ఉండేదే. కానీ మొన్న ఒక తెలుగు మేడమ్ తెచ్చిన బొమ్మ చుట్ట విప్పగానే ఆ వాసన నన్ను నలభై ఏళ్ళ వెనక్కి, దేవరకొండ దగ్గరి మా తండాకు లాక్కుపోయింది. అద్దాల లంగా, నెత్తిన బిందె, నవ్వుతున్న లంబాడీ స్త్రీ.

"వీళ్ళెప్పుడూ ఎంత హ్యాపీగా ఉంటారో కదా!" అందావిడ.

మేం అమ్మను యాడి అంటాం. తీజ్ పండుగకు ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ, నీళ్ళు పోస్తూ పాడుకునే వానాకాలపు రోజులవి; వేడి రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపిన చూర్మా కోసం పొయ్యి చుట్టూ మూగి, వేళ్ళు కాల్చుకుని, ఊదుకుంటూ తినేవాళ్ళం. అలాంటి ఒక పొద్దున పట్నం నుంచి ఒక చిత్రకారుడు వచ్చాడు. మంచివాడే, మాకు బిస్కెట్లు పంచాడు. వేరుశెనగ చేలో కలుపు తీస్తున్న యాడిని చూసి బొమ్మ గీస్తానన్నాడు.

"భుజాల దాకా ఆ తెల్ల గాజులు కూడా వేసుకో అమ్మా. కొంచెం నవ్వు."

"మా ఆయన పోయి ఏడాదాయె సారూ. మోచేతి మీది గాజులు తీసేసిన్రు. మళ్ల ఎయ్యొద్దు."

ఆయన సరేనన్నాడు. రెండు రోజులు వేపచెట్టు కింద కూర్చోబెట్టి గీశాడు. నేను పక్కనే చింతగింజలు ఆడుకుంటూ కూర్చున్నాను. మూడో రోజు చూపించాడు. బొమ్మలో యాడి నవ్వుతోంది. భుజాల దాకా గాజులున్నాయి.

కోప్పడుతుందనుకున్నాను. యాడి చేతులు తుడుచుకుని, ఆ గాజుల మీద వేలు పెట్టబోయి ఆగింది.

"ఇది నాకియ్యి సారూ."

"ఎగ్జిబిషన్‌కు కావాలమ్మా. నీకింకోటి గీసి పంపుతాలే."

పంపలేదు. చాన్నాళ్ళపాటు, బస్సు దిగిన ప్రతి కొత్త మనిషి చేతుల వంకా చూసేది. నా పదో తరగతి అవకముందే పోయింది. ఆమెది ఒక్క ఫొటో కూడా లేదు.

నిన్న ఫ్రేమ్ తీసుకోవడానికి వచ్చిన మేడమ్‌కు ఇదంతా చెప్పేశాను. ఆవిడ చేతిలోని ఫ్రేమ్‌ను మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"మీ అమ్మగారు ఎలా ఉండేవారు?" అంది.

తండాలో ఇప్పుడు ఆ లంగాలు కట్టేవాళ్ళు లేరు, ఆ పాటలు వచ్చినవాళ్ళూ మిగల్లేదు. చెబుదామని నోరు తెరిచాను. చేలో వంగిన వీపు, పసరంటిన వేళ్ళు, బోసి చేతులు అన్నీ గుర్తొచ్చాయి. ముఖం దగ్గరికి వచ్చేసరికి, ఆ చిత్రకారుడు గీసిన నవ్వు తప్ప ఇంకేదీ రావడం లేదు.